బోర్లా వార్డు

అక్టోబరు 28

ఈ రోజు నుంచి నేను మామూలు నర్సును కాదు, స్టడీ నర్సును. జీతం పెరగలేదు. మెడలో వేసుకునే కార్డు మాత్రం పెద్దదైంది. అన్నం తినేటప్పుడు పప్పులో మునుగుతోంది.

ఇంటికి రాగానే అమ్మీకి చెప్పాను. మడమ చితికిపోయి ఎముక బయటపడిన వాళ్ళకి ఉమేష్ సార్ పిక్క మీది చర్మాన్ని లేపి, కింది కొస తెగకుండా మడిచి, మడమకు కుట్టేస్తారు. దాన్ని ఫ్లాప్ అంటారు. అది ఎవరికి బతుకుతోంది, ఎవరికి చస్తోంది, ఎందుకు అని ఆరు నెలలు చూడటమే మా రీసెర్చ్. అమ్మీ బియ్యం ఏరుతూనే విన్నది.

"అంటే లుంగీ సినిగితే లుంగీ గుడ్డే అతుకేసినట్ల."

"అంతే అమ్మీ."

"ఈ మాత్రం దానికి అన్నేండ్లు సదవాల్నా ఆ డాక్టరు?"

తాహెర్ భాయ్ మాత్రం పత్తి మార్కెట్ నుంచి వస్తూ జిలేబీ పట్టుకొచ్చాడు. అబ్బా పోయాక నన్ను నర్సింగ్ చదివించింది భాయే. "మా అస్మా ఇప్పుడు సైంటిస్టు" అని వీధంతా వినబడేలా అరిచి, మొదటి చుట్ట నా నోట్లో కుక్కాడు. భాభీ తినలేదు. దవడ పన్ను నొప్పి అంది. వాపు కూడా ఉంది పాపం. లవంగం పెట్టుకోమన్నాను.

అక్టోబరు 31

జిలేబీ అరిగింది, అసలు పని ఇప్పుడు మొదలైంది. సార్ దగ్గర పాత కేసుల్లో ఒక చిక్కుంది. మగవాళ్ళ మడమలు ఇంటికి పోయాక కూడా బాగానే మానుతున్నాయి. ఆడవాళ్ళవి ఇక్కడ బంగారంలా ఉండి, ఇంటికి పోయాక పాడవుతున్నాయి. కత్తి అదే, కుట్టు అదే, డాక్టరూ ఆయనే. అందుకని ఈసారి పెళ్ళయిన ప్రతి ఆడమనిషినీ నాలుగు ప్రశ్నలు అడగాలట. మీ ఆయన ఎప్పుడైనా కొట్టాడా? భయపెట్టాడా? ఎక్కడికీ పోనివ్వకుండా ఆపాడా? ఇంటికి పోవాలంటే భయంగా ఉందా?

అడిగేటప్పుడు పక్కన ఇంటివాళ్ళు ఎవరూ ఉండకూడదు. మొగుడు అసలే ఉండకూడదు. ఎవరైనా అవునంటే కౌన్సిలర్ రేణుక మేడమ్‌కి చెప్పాలి. ఆమె ప్రతి గురువారం వస్తుంది.

అడగడానికి నాకేం భయం? నేను ఎవరినైనా ఏదైనా అడగగలను. కానీ మన ఊళ్ళో భార్య ఆస్పత్రిలో పడితే మొగుడు మంచం కోడు పట్టుకుని అట్లే ఉండిపోతాడు. ఇంట్లో గ్లాసు నీళ్ళు ఇవ్వని వాళ్ళు కూడా ఇక్కడ కదలరు.

నవంబరు 3

దొరికింది కిటుకు! నా తెలివికి నేనే దిష్టి తీసుకోవాలి.

"ఫ్లాప్‌కు కొబ్బరి నీళ్ళు చాలా మంచివి అన్నా. అన్ని చోట్లవీ పనికిరావు. రైల్వే గేటు దగ్గర చోటే సాబ్ అని ఉంటాడు, ఆయన బండి మీదివే తేవాల" అంటాను. మొగుడు పరుగున పోతాడు. గేటు పడితే ఇంకా మంచిది, గూడ్సు బండి పోయేదాకా నిలబడతాడు. ఈలోగా నా నాలుగు ప్రశ్నలు అయిపోతాయి.

సార్‌కి చెబితే తల పట్టుకున్నారు. తర్వాత నవ్వారు. "హాని లేదు కదా, కానీయ్" అన్నారు.

నవంబరు 5

భాభీ మళ్ళీ స్నానాల గదిలో జారింది. మోచెయ్యి కమిలింది. ఆ బండలు మార్పించాలి.

నవంబరు 8

చోటే సాబ్ ఈ రోజు నన్ను ఆపి ఒక బోండాం కొట్టి ఊరికే ఇచ్చాడు.

"ఏం బేటీ, మీ ఆస్పత్రిలో ఏం రోగం వచ్చిందో గానీ, మొగోళ్ళంతా నా బండి కాడికి ఉరుకులాడతాండారు. అల్లా నిన్ను సల్లంగా సూడాల."

లేత కొబ్బరి కూడా గీకి ఇచ్చాడు. తిన్నాను. లంచం కాదు కదా, దీవెన.

నవంబరు 9

రాత్రి అన్నాల దగ్గర కొబ్బరి నీళ్ళ కథ చెప్పాను. పేర్లు చెప్పలేదు, నేనేం అంత తెలివితక్కువదాన్ని కాదు. మొగుళ్ళు కవర్లు ఊపుకుంటూ ఎట్లా పరుగెత్తుతారో లేచి నడిచి చూపించాను. భాయ్‌కి నవ్వి నవ్వి పొలమారింది.

"మొగోళ్ళని భలే ఎర్రోళ్ళని జేస్తాండావే! ఆడ పెండ్లాన్ని ఏమడుగుతారే మీరు?"

"కొడతాడా, భయపెడతాడా అని అడుగుతాం."

"ఏమంటారు?"

"అందరూ లేదనే అంటాండారు."

"సూస్తివా మరి. మన ఊరోళ్ళు మంచోళ్ళు" అని భాయ్ నా తల మీద ఒకటి మొట్టాడు. భాభీ కూడా నవ్వింది. తర్వాత నీళ్ళ చెంబు తేవడానికి లేచి వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు. చెంబు నా పక్కనే ఉంది.

నవంబరు 12

భాయ్ స్నానాల గదిలో గరుకు బండలు వేయించాడు. నేను అన్న మూడో రోజుకే మేస్త్రీని పట్టుకొచ్చాడు. ఇట్లాంటి మొగుడు ఎంతమందికి ఉంటాడు?

నవంబరు 21

కోసిగి ముత్తమ్మకు ఆపరేషన్ అయింది. మొగుడు సుంకన్నతో కలిసి గుంటూరు పక్క మిరపకాయల పనికి పోతుంటే, ట్రాలీ దిగేటప్పుడు జారి కాలు చక్రం కింద పడిందట. ఫ్లాప్ గులాబీ రంగులో ముద్దొస్తోంది.

ఫ్లాప్ వేసిన వాళ్ళని బోర్లా పడుకోబెడతాం. వెల్లకిలా పడుకుంటే ఒత్తిడి పడి నెత్తురు ఆగిపోతుంది, ఫ్లాప్ నల్లబడి చస్తుంది. అందుకే మా వార్డుకు బోర్లా వార్డు అని పేరొచ్చింది. బర్రెలు చెరువులో పడుకున్నట్టు వరసగా ఆడవాళ్ళు, అందరి మొహాలూ గోడ వైపు, అందరి కాళ్ళూ తలుపు వైపు.

"పిక్క మీద తోలు మడమకేస్తిరి. మరి ఆడ ఎంటికలు మొలుస్తాయా?" అని అడిగింది ముత్తమ్మ.

"మొలుస్తాయి."

"అయ్యో సిస్టరమ్మా! మడమకు మీసాలొస్తే నేను మా ఊర్లో తల ఎత్తుకుని ఎట్ల తిరిగేది?"

వార్డంతా దిండ్లలో మొహాలు పెట్టి నవ్వింది. సుంకన్న మాత్రం ఆపరేషన్ జరిగినంతసేపూ బయట కూచుని ఏడ్చాడు. ఇప్పుడు బత్తాయి వలిచి, నార తీసి, ఒక్కో తొన ఆమె నోట్లో పెడుతున్నాడు. కొట్టేవాళ్ళెవరో, కానివాళ్ళెవరో మనిషిని చూస్తే రెండు నిమిషాల్లో నాకు తెలిసిపోతుంది. సుంకన్న బంగారం.

నవంబరు 24

సుంకన్నను కొబ్బరి నీళ్ళకు పంపి ముత్తమ్మను అడిగాను. బంగారమే అయినా అడగాలి కదా, రూలు.

"ఏం లేదమ్మా. మంచోడే" అంది దిండులోకి.

"భయపెట్టడం?"

"ఏం లేదమ్మా."

నేను లేచి రెండడుగులు వేశాక అడిగింది. "సిస్టరమ్మా, ఇంతకీ ఆయప్ప పోయినాడా, ఈడే ఉండాడా?"

"పోయినాడు గదా. నీ ముందరే పంపిస్తిని గదా."

"నా ముందరా? నా ముందర గోడ ఉండాది. ఎనక ఎవురొచ్చినారో ఎవురు పోయినారో నాకేం తెలుస్తాది?"

నేను అక్కడే మంచం మీద కూలబడ్డాను. ఆమె పక్క మంచం పేషెంటు కాలి మీద కూచోబోయి తప్పించుకున్నాను. వీళ్ళందరికీ వీపు వైపు తలుపు! ఎవరు నిలబడి వింటున్నారో తెలియకుండా ఎవరైనా ఏం చెబుతారు? ఇన్ని రోజులూ నేను మొగుళ్ళని పంపించాననుకుని సంబరపడ్డాను. వాళ్ళు పోయారని ఆడవాళ్ళకు తెలియనే తెలియదు. చోటే సాబ్ ఒక్కడు బాగుపడ్డాడు.

నవంబరు 25

పొద్దున్నే ఫ్యాన్సీ షాపులో పచ్చ ప్లాస్టిక్ చట్రం ఉన్న అద్దం కొన్నాను, వెనక కాలు ఉండి బల్ల మీద నిలబడేది. ముత్తమ్మ మొహం ముందు పెట్టి, తలుపు కనిపించేలా వంచాను.

ముత్తమ్మ అద్దంలోకి చాలాసేపు చూసింది. మొహం చూసుకోలేదు. తలుపు చూసింది. "గొళ్ళెం పెట్టు" అంది. పెట్టాను.

తర్వాత తానే మొదలుపెట్టింది. నేను ప్రశ్నలు అడగనక్కరలేకపోయింది. ట్రాలీ మీదినుంచి దిగేటప్పుడు పడలేదట. తోసేశాడట. అంతకుముందు ఇంకా చాలా ఉన్నాయి, ఇక్కడ రాయను. "తాగనప్పుడు దేవుడమ్మా, బత్తాయి వలిచి పెడతాడు. ఆ బత్తాయి సూస్తే నాకు ఏడుపొస్తాది" అంది.

నేను రేణుక మేడమ్‌కి ఫోన్ చేశాను.  నా రెండు నిమిషాల తెలివికి ఒక దండం.

నవంబరు 26

సుంకన్న ఈ రోజు కూడా బత్తాయి తెచ్చాడు.

నవంబరు 27

అద్దం వచ్చాక "ఏం లేదమ్మా" అన్న పాత వాళ్ళలో ఇంకో ఇద్దరు మాట మార్చారు. రేణుక మేడమ్ ఒక పూట అనుకుని వచ్చి సాయంత్రం దాకా ఉంది. ఉమేష్ సార్ అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మెథడ్స్‌లో రాయాలి దీన్ని" అన్నారు. రీసెర్చ్ పేపర్లో ఆ వాక్యం ఇంగ్లీషులో ఎట్లా రాస్తారో చూడాలి. పచ్చ రంగు అని కూడా రాయమన్నాను.

ముత్తమ్మ అక్క కోసిగి నుంచి వచ్చి చూసి పోయింది. డిశ్చార్జి అయితే ఆమె ఇంటికే.

నవంబరు 29

భాభీ జారింది. గరుకు బండల మీద కూడా జారడం మా భాభీకే చెల్లింది. అమ్మీ, "దానికి కాళ్ళు నిలవవు, పుట్టుకతోనే అంతేమో" అంది. భాయ్ పొద్దున్నే మార్కెట్‌కు పోయాడు. నేను ఆలస్యమైందని పరుగెత్తాను. దారిలో ఎందుకో ఆగి ఇంటి వైపు తిరిగి చూశాను. టిఫిన్ డబ్బా మర్చిపోయానేమోనని.

డిసెంబరు 2

భాభీ మడమ పోయింది.

డిసెంబరు 3

నిన్న రాయలేకపోయాను. భాయ్ బండి మీద ఎమ్మిగనూరు రోడ్డులో పోతుండగా కాలు వెనక చక్రంలో పడింది. మడమ మెత్త అంతా లేచిపోయింది. ఆ బండికి చీర గార్డు లేదు. అది ఉంటే ఆంటీల బండిలా ఉంటుందని భాయ్ కొన్న వారమే పీకేయించాడు.

భాయ్ భాభీని రెండు చేతుల మీదా ఎత్తుకుని క్యాజువాలిటీలోకి పరుగెత్తుకొచ్చాడు. చొక్కా అంతా నెత్తురు. "అస్మా, మీ భాభీని బతికించే" అని గుక్కపెట్టి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. సార్ గాయం కడిగి, వారంలో ఫ్లాప్ వేద్దామన్నారు.

ఎమ్మిగనూరు భాభీ పుట్టిల్లు. మంగళవారం, మార్కెట్ ఉన్న రోజు, భాయ్ ఆమెను అక్కడికి ఎందుకు తీసుకుపోతున్నాడో నేను అడగలేదు.

డిసెంబరు 9

ఫ్లాప్ అయింది. రంగు బాగుంది, వెచ్చగా ఉంది. మంచం ముత్తమ్మ పక్కనే. ముత్తమ్మకు అంచు కొంచెం నల్లబడి మానుతోంది, అందుకే ఇంకా ఇక్కడే ఉంది.

సార్ నన్ను పక్కకు పిలిచారు. "మీ వదిన కాబట్టి ప్రశ్నలు నువ్వు అడగకూడదు. రేణుక అడుగుతుంది."

"మా ఇంట్లో అట్లాంటిదేం లేదు సార్" అన్నాను.  నాకే ఆ మాట ముత్తమ్మ గొంతులో వినబడింది.

డిసెంబరు 11

రేణుక మేడమ్ వచ్చింది. భాయ్ భాభీ మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఆమె వీపు మీద చెయ్యి పెట్టుకుని కూచున్నాడు. నన్ను చూడగానే కుర్చీ కింది నుంచి సంచి తీశాడు. అందులో రెండు కొబ్బరి బోండాలు.

"సూడు అస్మా. రైల్వే గేటు కాడివే, చోటే సాబ్ బండివే. నేనే ముందు తెచ్చేసినా. ఇంక నన్ను యాడికీ పంపే పని లేదు నీకు."

కన్ను కొట్టి నవ్వాడు. నా భాయే. నాకు సైకిల్ నేర్పిన భాయ్. 

రేణుక మేడమ్ మెత్తగా, "ఒక్క పది నిమిషాలు బయట ఉంటారా" అంది. భాయ్ ఇంకా మెత్తగా, "అక్కా, మా సెల్లెలు ఈడే నర్సు. మా ఇంటి సంగతి ఆ పిల్లకు తెల్దా? అడగండి దాన్నే" అన్నాడు. మేడమ్ నా వైపు తిరిగింది.

పక్క వార్డులో సెలైన్ అయిపోయిందేమోనని పోయి చూశాను. అయిపోలేదు. తిరిగొచ్చేసరికి మేడమ్ అడగకుండానే పోయింది, భాయ్ ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు.

డిసెంబరు 12

భాభీ మంచం ముందు ఇంకా అద్దం పెట్టలేదు. మర్చిపోయాను. పని ఎక్కువ.

డిసెంబరు 13

మర్చిపోలేదు. ఇది నా డైరీ, ఇందులో కూడా అబద్ధం రాస్తే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి.

పొద్దున భాయ్ సార్ దగ్గరికి పోయాడు. "ఇంట్లో సొంత నర్సు ఉంది సార్, రేపు తీసుకుపోతా, డ్రెస్సింగ్ అస్మా జేస్తాది" అన్నాడు. సార్ కుదరదన్నారు. సంతకం పెట్టి తీసుకుపోతానన్నాడు. ఫ్లాప్ వేసి నాలుగు రోజులు. ఇప్పుడు ఇంటికి పోతే ఆ మడమ బతకదు. మడమ ఒక్కటే కాదు.

నేను పోయి ముత్తమ్మ మంచం ముందున్న అద్దం అడిగి తెచ్చాను. భాభీ భుజం మీదుగా చెయ్యి చాపి ముందు పెట్టాను. వంచాను. అద్దంలో తలుపు కనిపించలేదు, కుర్చీలో భాయ్ కనిపించాడు. భాభీ అతన్ని చూడలేదు. అద్దంలోంచి నన్నే చూసింది. ఎన్ని రోజుల నుంచి చూస్తోందో.

"భాయ్, బయటికి పో" అన్నాను.

"ఏంటికి?"

"భాభీని ఒక మాట అడగాల."

"నా ముందరే అడుగు. నాకు దాపరికం ఏముండాది?"

"నీ గురించే అడిగేది."

భాయ్ మొహంలో నవ్వు పోయింది. ఆ మొహం నేను ఎప్పుడూ చూడలేదని రాయబోయాను. చూశాను. అన్నంలో రాయి వచ్చినప్పుడు, చొక్కా గుండీ ఊడినప్పుడు, ఒక్క క్షణం. ఆ క్షణం రాగానే నేను ఏదో ఒక జోకు వేసేదాన్ని. నా జోకులన్నీ అందుకేనేమో.

"ఏమే, నా ఉప్పు తిని నన్నే బయటికి పొమ్మంటావా?"

అలవాటు కొద్దీ ఒక జోకు వెతికాను.  అప్పుడు పక్క మంచం మీద ముత్తమ్మ మోచేతుల మీద లేచి తల వెనక్కి తిప్పింది.

"ఏం నాయనా, ఇది ఆడోళ్ళ వార్డు. బట్టలు సర్దుకోవాల మేము. పో బయటికి."

అటు పక్క మంచం ఆమె తల తిప్పింది. ఆ పక్క ఆమె కూడా. వరసగా అందరూ, మోచేతుల మీద లేచి, మెడలు తిప్పి, భాయ్‌నే చూశారు.  తాబేళ్ళు తలలు బయటపెట్టినట్టు ఉంది, ఇంకో రోజయితే పడీ పడీ నవ్వేదాన్ని. మార్కెట్లో వందమంది మీద అరిచే మనిషి ఆ చూపులకు నిలవలేకపోయాడు. లేచాడు. కొబ్బరి బోండాల సంచి మర్చిపోయాడు. తలుపుకు గొళ్ళెం పెట్టాను. గొళ్ళెం చప్పుడు భాభీకి వినబడేలా పెట్టాను.

మంచం ముందుకు పోయి నేల మీద కూచున్నాను, మొహానికి మొహం. "స్టడీ కోసం కాదు భాభీ. భాయ్ నిన్ను కొడతాడా?"

భాభీ అద్దం పక్కకు జరిపింది.

"స్నానాల గదికి కొత్త బండలేసినప్పుడే అడుగుతావనుకుంటి" అంది. తిట్టలేదు. మామూలుగా అంది. తిట్టినా బాగుండేది.

తర్వాత చెప్పింది. ఆ రోజు ఎమ్మిగనూరులో దింపేసి పొమ్మని బతిమాలిందట, దింపుతానని బండి ఎక్కించుకున్నాడట. ఊరు కనబడగానే బండి వెనక్కి తిప్పాడట. "దిగుతానంటిని. ఆపలేదు. కాలు కిందికి పెట్టబోతిని. సెయ్యి పట్టుకుని గుంజి స్పీడు పెంచినాడు." అంతే. ఆమె ఏడవలేదు. నేనే ఆమె దిండు తడిపేశాను.

నాలుగో ప్రశ్న కూడా అడిగాను. ఇంటికి పోవాలంటే భయంగా ఉందా?

"అస్మా, నేను ఇంటికే పోవాల. మా అమ్మ ఇంటికి."

అప్పుడు రేణుక మేడమ్‌కి ఫోన్ చేశాను. సార్‌కి చెప్పాను. సంతకం పెట్టాల్సింది భాభీ, భాయ్ కాదు అని సార్ గట్టిగా చెప్పారు. భాయ్‌ను లోపలికి రానివ్వొద్దని గేటు దగ్గర వాచ్‌మన్ దావీదుకు కూడా చెప్పారు. ముత్తమ్మ ఆ రెండు బోండాలూ కొట్టించి వార్డంతా తలా ఒక గుక్క తాగించింది. "ఫ్లాప్‌కు మంచిదంట గదా!" అంది.

డిసెంబరు 14

ఇంటికి పోయాను. భాయ్ లేడు. అమ్మీ పొయ్యి ముందు ఉంది.

"ఇంటి పరువు బజార్న పెడితివే."

"నీకు తెలుసా అమ్మీ?"

అమ్మీ రొట్టె తిప్పింది. మళ్ళీ తిప్పింది. మాడేదాకా తిప్పింది. "మీ అబ్బా ఉన్నప్పుడు ఇట్ల అడిగే ఆస్పత్రి లేదులే" అంది.

అబ్బా గురించి ఆ మాట వినడం అదే మొదటిసారి. నేను ఆమె వీపు మీద చెయ్యి పెట్టబోయి, భాయ్ చెయ్యి గుర్తొచ్చి, ఎదురుగా పోయి కూచున్నాను. మాడిన రొట్టె ఇద్దరం పంచుకున్నాం.

డిసెంబరు 19

భాయ్ నాతో మాట్లాడటం లేదు. నా బట్టలు సంచిలో పెట్టి గడపలో పడేశాడు. అమ్మీ మళ్ళీ లోపల పెట్టింది. అతను పడేయడం, ఆమె లోపల పెట్టడం, రోజూ ఇదే పని. నా సంచికి ఇంత వ్యాయామం ఎప్పుడూ లేదు.

నాకు వాడంటే ఇప్పటికీ ప్రేమే. అందుకే నాకు ఒళ్ళు మండుతోంది.

డిసెంబరు 30

భాభీ డిశ్చార్జి. వ్యాన్ వెనక సీట్లో బోర్లా పడుకోబెట్టి నేనే ఎమ్మిగనూరు తీసుకుపోయాను. ముత్తమ్మ కిందటి వారమే అక్క ఇంటికి పోయింది. సుంకన్న ఒక్కడే గుంటూరు బస్సు ఎక్కాడు. బస్టాండు దాకా ఏడుస్తూ పోయాడట. ఏడవనీ.

భాభీ బయలుదేరేటప్పుడు, "ఆ అద్దం నాకిస్తావా?" అంది. వార్డుకు ఇంకోటి కొంటాను, ఈసారి ఎర్ర చట్రం.

దారిలో భాయ్ బండి వెనక్కి తిప్పిన చోటు వచ్చినప్పుడు భాభీ నా చెయ్యి పట్టుకుంది. "నెమ్మదిగా పోనీ అన్నా" అన్నాను డ్రైవరుతో. ఆయన నెమ్మదిగానే పోయాడు. అడిగితే నెమ్మదిగా పోయే మగవాళ్ళు కూడా ఉన్నారు.

జనవరి 8

స్టడీ పని మీద ఎమ్మిగనూరు. భాభీ వాళ్ళ ఇంట్లో ముందు గదిలో మగ్గం, వెనక గదిలో భాభీ. అద్దం ఎదురుగా పెట్టుకుంది. నాతో మాట్లాడుతూనే ప్రతి మాటకూ ఒకసారి అందులో తలుపు చూస్తోంది. మగ్గం ఆగితే చూస్తోంది. పిల్లి వచ్చినా చూస్తోంది.

మొన్న భాయ్ నలుగురు పెద్దమనుషులతో వచ్చాడట. భాభీ పడుకున్న చోటి నుంచే రానని చెప్పిందట. రేణుక మేడమ్ కాగితాలు సిద్ధం చేస్తోంది. కేసు పెట్టేదీ లేనిదీ భాభీ ఇష్టం.

ఫ్లాప్ బాగుంది.

ఫిబ్రవరి 6

ఎమ్మిగనూరు.

ఫ్లాప్ గులాబీ రంగులో, వెచ్చగా ఉంది. మడమ మీద మెత్తటి వెంట్రుకలు మొలిచాయి. ముత్తమ్మకు ఫోన్ చేసి చెప్పాలి, మీసాలు వచ్చేశాయని. ఇవన్నీ నేను దొంగలా చూసి రాసుకున్నవి, ఎందుకంటే నేను పోయేసరికి భాభీ నిద్రపోతోంది.

అద్దం మంచం దగ్గర లేదు. వెనక వాకిట్లో గోడ మేకుకు తగిలించి ఉంది. భాభీ వాళ్ళ నాన్న దాని ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు.

తలుపు బార్లా తెరిచి ఉంది. మగ్గం ఆడుతోంది, ఆగుతోంది, మళ్ళీ ఆడుతోంది. భాభీ గోడ వైపు తిరిగి, తలుపుకు వీపు పెట్టి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

నేను తలుపు దగ్గర నిలబడి కొంచెం దగ్గాను. లేవలేదు.